కనబడని స్నేహితులు, కానరాని ధనము

బాలాపూరు గణపతి లడ్డు వేలముపాటను గూర్చి వినని శ్రోతలుండరు. 1994లో 450 రూపాయలకు పాడిన ఆ లడ్డు 2024లో 30 లక్షల 1 వేయి రూపాయలకును, 2025లో 35 లక్షల రూపాయలకును పోయినది. ప్రసాదమునకు అంత వెల యేమి యను చర్చకు మేము దిగబోము. అది పాడినవారి భక్తికి సంబంధించినది. మేము గమనింపదలచినది వేరొకటి. ఆ పాట పట్టపగలు, ఊరి నడుమ, వేలాది జనుల యెదుట జరుగును. పాడినవారెవరో, పాడినదెంతో ఊరెల్ల ఎరుగును. అదే బాలాపూరులో, రెండు సందుల ఆవల, తలుపు దగ్గరగా వేసికొనిన ఒక గదిలో, ఒక గృహస్థు అంతకు మించిన సొమ్మును చేతిలోని ఫోను ద్వారా, తాను ఎన్నడును చూడని వ్యక్తికి పంపుచుండవచ్చును. ఆ సంగతి ఇంటివారికి తెలియదు, ఇరుగుపొరుగువారికి తెలియదు. ఇట్లు ఎవ్వరికిని తెలియకుండుటయే ఆ మోసమునకు ఆయువుపట్టు.

సైబర్ మోసముల వలన దేశములోని ప్రజలు 2023లో 7,465 కోట్ల రూపాయలును, 2024లో 22,845 కోట్ల రూపాయలును పోగొట్టుకొనినట్లు కేంద్రప్రభుత్వము 2025 జూలైలో లోక్‌సభకు తెలిపినది. ఒక్క ఏడాదిలో మూడింతలయినదన్నమాట. ఇది ఫిర్యాదు చేసినవారి లెక్క మాత్రమే. సిగ్గుపడి నోరు మూసికొనినవారి సొమ్ము ఏ లెక్కకును ఎక్కదు. ఈ నష్టములో ముఖ్యమైన భాగము రెండు త్రోవలలో పోవుచున్నది: ఒకటి పెట్టుబడి ఆశ, రెండవది స్నేహము లేక ప్రణయము. ఇటీవల ఈ రెండు త్రోవలును ఒక్కటియైపోయినవి.

మోసపోయినవాని మాట చెవిని పడగానే 'అత్యాశకు పోయినాడు, అనుభవించినాడు' అని తీర్పు చెప్పుట మనకు అలవాటు. ఈ తీర్పు సరికాదని మా అభిప్రాయము. పోలీసు ఠాణాలకు ఈ ఫిర్యాదులతో వచ్చుచున్నవారిలో వైద్యులున్నారు, ఇంజనీర్లున్నారు, జీవితమంతయు ఇతరుల లెక్కలు సరిచూచి విరమించిన ఉద్యోగులున్నారు. వీరందరును తెలివితక్కువవారనుట పొసగదు. అయినచో వీరెట్లు మోసపోయిరి?

దృష్టాంతమునకు ఒక గృహస్థును ఊహించుకొందము. ఇతడు ఏ ఒక్క వ్యక్తియు కాడు. పత్రికలలోను పోలీసు ప్రకటనలలోను వచ్చిన అనేకుల కథలను కలిపి మేము గీసికొనిన బొమ్మ. వయస్సు అరువది రెండు. కంచన్‌బాగ్‌లోని కర్మాగారమున ముప్పది యేండ్లు పనిచేసి విరమించినాడు. బాలాపూరు చౌరస్తాకు దాపున సొంత ఇల్లు. అవుటర్ రింగు రోడ్డు వచ్చిన పిమ్మట ధర పెరిగిన ప్లాటు నొకదానిని అమ్మగా వచ్చిన సొమ్ము బ్యాంకులో ఉన్నది. భార్య గతించి రెండేండ్లయినది. కుమారుడు డాలస్‌లో, కుమార్తె కూకట్‌పల్లిలో. ఆదివారమునాడు ఇద్దరును ఫోను చేయుదురు. సోమవారము మొదలు శనివారము వరకు ఆ ఫోను మ్రోగదు.

ఒకనాటి ఉదయమున ఆ ఫోనులో వాట్సాప్ సందేశము కనబడును: 'సుజాత గారూ, రేపు మనం కలిసేది పదింటికే కదండీ?' తాను సుజాతను కానని ఇతడు బదులిచ్చును. 'అయ్యో, క్షమించండి, నంబరు తప్పుపడింది. ఇంకొకరైతే విసుక్కునేవారు, మీరు పెద్దమనిషిలా జవాబిచ్చారు' అని మరల సందేశము వచ్చును. ఇది నంబరు తప్పుట వలన వచ్చినది కాదు. ఆనాడు ఆ వాక్యమే వందలాది ఫోనులకు వెళ్లియుండును. మర్యాదగా బదులిచ్చినవారే వారికి కావలసినవారు. మన మర్యాదనే వారు జల్లెడగా చేసికొనినారు.

కొందరికి ఈ పరిచయము పెండ్లిసంబంధముల వెబ్‌సైటులో కలుగును, కొందరికి ఫేస్‌బుక్‌లో. పదేండ్లకు పూర్వము వాడుకలోనున్న పద్ధతి మరింత మోటుగా నుండెడిది. లండనులోని వైద్యుడనో, ఓడ కెప్టెననో చెప్పికొనిన వరుడు వధువునకు ఖరీదైన కానుకలు పంపినట్లు వ్రాయును. మూడవనాడు ఢిల్లీ విమానాశ్రయపు కస్టమ్స్ అధికారిననుచు ఒక స్త్రీ ఫోను చేసి సుంకము కట్టమనును. ఆ పద్ధతి నేటికిని అంతరింపలేదు గాని, అందులో పోవునది ఒకటి రెండు వాయిదాల సుంకము. ఇప్పటిది ఆసాంతము తుడిచిపెట్టు పద్ధతి.

మన గృహస్థు కథకు వత్తము. ఆ స్త్రీ పేరు ఏదో ఒకటి. బెంగుళూరులో ఉద్యోగమట, తండ్రి చిన్ననాడే పోయినాడట. ఉదయము 'లేచారా?', మధ్యాహ్నము 'భోజనం అయిందా?', రాత్రి 'మందులు వేసుకున్నారా?' రెండు నెలల పర్యంతము ధనమను మాటయే రాదు. ఈ రెండు నెలలే వారి అసలు పెట్టుబడి. మందు వేసికొనుమని గుర్తుచేయువారు ఇంటిలో లేని మనుష్యునకు ఆ మాట విలువ ఎంతయో, దానిని వ్రాయుచున్నవారికి బాగుగ తెలియును.

కనబడని వ్యక్తి ఆత్మీయుడెట్లగునని కొందరు ఆశ్చర్యపడుదురు. రేడియోలో పనిచేయు మేము ఆశ్చర్యపడము. మా వృత్తియే అట్టిది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులను ఎందరో పిల్లలు 'రేడియో అన్నయ్య', 'రేడియో అక్కయ్య' అనియే పిలిచిరి. ఆ పిల్లలలో వారిని కన్నులార చూచినవారు కొందరే. నేటికిని వార్తలు చదువువారికి, నాటకములలో పాత్రధారులకు శ్రోతలు ఇంటిసంగతులు వ్రాయుచుందురు, పెండ్లిపత్రికలు పంపుచుందురు. ప్రతిదినము అదే వేళకు వినబడు గొంతును మనసు తన ఇంటి మనిషిగా చేర్చుకొనును. ఇది బలహీనత కాదు, మానవస్వభావము. మేము ఆ నమ్మకమునకు బదులుగా ఏమియు అడుగము. వారు అడుగుదురు. భేదమంతయు అచ్చటనే యున్నది.

అడుగుటయు సూటిగా అడుగరు. 'మా బాబాయి షేర్ల వ్యాపారంలో ఆరితేరినవాడు, ఆయన చెప్పినట్లు చేసి నేను ఇల్లు కొన్నాను' అని మాటవరుసకు చెప్పి ఊరకుందురు. కుతూహలముతో ఇతడే అడుగవలెను. అడిగిన పిదప ఒక యాప్‌ను ఫోనులో పెట్టుకొనుమందురు. తెర మీద ఎర్రని, పచ్చని గీతలు ఎక్కుచు దిగుచుండును. ఇతని పేరు, ఇతని నిలువ, ఇతని లాభము కనబడును. ఆ అంకెలన్నియు వారు వ్రాసినవే. త్రాసు వారిది, తూకపురాళ్లు వారివి. సరకు మాత్రము ఎచ్చటను లేదు.

ఇక ఈ మోసములో మిక్కిలి నేర్పుగల ఘట్టము వచ్చును. ఇతడు జంకుచు పదివేలు పెట్టును. నాలుగుదినములలో అది పదమూడు వేలయినట్లు కనబడును. 'నమ్మకం లేకపోతే వెనక్కు తీసుకుని చూడండి' అని ఆమెయే చెప్పును. ఇతడు తీసికొనును, పదమూడు వేలును నిజముగనే బ్యాంకు ఖాతాలో పడును! మనలో ఎవరమైనను ఏ వ్యాపారమునైనను పరీక్షించు విధానమిదియే కదా: కొద్దిగా పెట్టి, తిరిగివచ్చునో లేదో చూచుట. ఆ పరీక్షను వారు ముందే ఎరిగి, అందులో నెగ్గుటకై మూడు వేలు ఖర్చుపెట్టినారు. జాగ్రత్తపరుడే ఇందులో ఎక్కువగా చిక్కుకొనుట కిదియే కారణము. పరీక్షింపనివాడు కొద్దితో పోవచ్చును. పరీక్షించి నిశ్చింత పడినవాడు సర్వము తెచ్చి పెట్టును.

ఇది ఊహకాదు. 2023 జూలైలో హైదరాబాదు పోలీసులు బయటపెట్టిన కేసు ఒక నగరవాసి ఫిర్యాదుతో మొదలయినది. ఇంటినుండియే చేయదగిన చిన్న పని యని, వెబ్‌సైట్లకు రేటింగు ఇచ్చుట యని ఆయనను టెలిగ్రామ్‌లో చేర్చుకొనిరి. మొదట వేయి రూపాయలకు 866 రూపాయల లాభము చూపిరి. చివరకు ఆయన పోగొట్టుకొనినది 28 లక్షలు. ఆ తీగను లాగగా కదలిన డొంక విలువ 712 కోట్లు. మోసపోయినవారు దేశమంతట 15,000 మందికి పైగా. పోలీసులు తొమ్మండుగురిని పట్టుకొనిరి. సూత్రధారులు చైనావారనియు, సొమ్ము దుబాయి మీదుగా క్రిప్టో నాణెములుగా మారి పోయినదనియు వారు ప్రకటించిరి.

మన గృహస్థు ప్లాటు సొమ్మంతయు పెట్టినాడు. తెర మీద అది కోటి దాటినది. కుమార్తెకు ఇల్లు కొనిపెట్టుదమని కొంత తీసికొనబోవగా 'ముందుగా పన్ను చెల్లింపుడు' అని జవాబు వచ్చినది. పన్ను కట్టినాడు. ఖాతా స్తంభించినదని, పూచీగా మరి ఐదు లక్షలు కట్టవలెనని వచ్చినది. లాభమునుండి మినహాయించుకొనుడని ఇతడు వేడుకొనినను ఒప్పుకొనరు. ఈ ఒక్క సమాధానము చాలును, ఆ కోటి లేదని తెలియుటకు. కాని ఆ సమయమున ఇతనికి అది తట్టదు. లేదని ఒప్పుకొన్నచో ప్లాటు పోయినదని ఒప్పుకొనవలెను; ఆమె లేదనియు ఒప్పుకొనవలెను. రెండు దుఃఖములను ఒక్కసారి భరింపలేక మూడవ అప్పు చేయును.

పూర్వము ఇట్టి దెబ్బలు మన ప్రజలు ఎరుగనివి కావు. 2001లో హైదరాబాదున కృషి బ్యాంకు మూతపడినప్పుడు డిపాజిటుదారులు దాని తలుపుల ముందు గుమిగూడిరి. అగ్రిగోల్డు బాధితులు ఏండ్ల తరబడి సంఘములుగా చేరి పోరాడిరి. ఆ దుఃఖములకు ఒక భవనముండెను, ఒక బోర్డు ఉండెను, ప్రక్కన నిలిచి ఏడ్చుటకు మరియొక బాధితుడుండెను. ఈ దుఃఖమునకు అట్టి తలుపైనను లేదు. యాప్ ఒక రాత్రి తెరచుకొనదు, ఫోను నంబరు పలుకదు, అంతే.

చైనా భాషలో దీనిని పందిని మేపి కోయు పద్ధతి యందురు. గొర్రె కసాయివానినే నమ్మునని మన సామెత కూడ ఆ భావమే చెప్పుచున్నది. కాని సామెతలో పరిహాసము గొర్రె మీదనేగాని కసాయి మీద లేదు, చూచితిరా? 2024 డిసెంబరులో ఇంటర్‌పోల్ సంస్థ ఈ పందిపేరును మానుడని లోకమునకు విజ్ఞప్తి చేసినది. తనను పందియన్న మాట విన్న బాధితుడు ఠాణా మెట్లెక్కునా? ప్రణయపు ఎర యనుడని వారి సూచన. పేరు మార్చుట వలన సొమ్ము రాదు గాని ఫిర్యాదు రావచ్చును.

పంపిన సొమ్ము ఎచ్చటికి పోవును? అది నేరుగా విదేశమునకు పోదు. ముందుగా మన వీథులలోని ఖాతాలకే పోవును. బాలాపూరునకు కొద్ది మైళ్ల దూరముననున్న షంషేర్‌గంజ్‌లోని ఒక బ్యాంకు శాఖలో ఆరు ఖాతాల ద్వారా 2024 మార్చి, ఏప్రిల్ నెలలలో సుమారు 175 కోట్లు చేతులు మారినట్లు తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఆ ఏటి ఆగస్టులో కనుగొనినది. దేశము నలుమూలల నుండి వచ్చిన ఆరు వందల ఫిర్యాదులు ఆ ఆరు ఖాతాలతో ముడిపడియుండెను. తొలుత పట్టుబడినది ఇద్దరు ఆటో డ్రైవర్లు. బీదల పేర ఖాతాలు తెరిపించి, కొద్దిపాటి కమీషను చేతబెట్టి, చెక్కులు ముందే సంతకము చేయించి తీసికొనుట వారి మీది అభియోగము. ఇట్టివానిని పోలీసులు మ్యూల్ ఖాతాలందురు. కంచరగాడిద వలె ఇతరుల బరువు మోయునవి గావున ఆ పేరు. కళాశాల విద్యార్థులును ఐదు పదివేలకు ఆశపడి ఖాతాను, ఏటీఎం కార్డును అద్దెకిచ్చుచున్నారు. అట్లిచ్చినవాడు నేరములో భాగస్థుడగునని వారికి చెప్పువారు లేరు. మీ ఇంటిలో ఆ వయసు పిల్లలున్నచో ఈ మాట వారి చెవిని వేయుడు.

ఇంతకును రాత్రి పదిగంటలకు 'మందులు వేసుకున్నారా?' అని వ్రాసినదెవరు? ఈ ప్రశ్నకు జవాబు మమ్మును మిక్కిలి కలవరపరచినది. సింగపూరులో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి విశాఖపట్నము ప్రాంతపు యువకులను సుమారు 150 మందిని కంబోడియాకు తరలించినట్లు 2024 మే నెలలో విశాఖ పోలీసులు వెల్లడించిరి. లక్షన్నర దాక ఏజెంటుకు చెల్లించి వెళ్లినవారు వారు. అచ్చట పాస్‌పోర్టులు లాగికొని, గదులలో బంధించి, భారతీయులకు ఫోను చేసి వంచింపుమని నిర్బంధించిరి. మాట వినని వారికి చీకటికొట్టు, పస్తు. ఆ నెల 20వ తేదీన సిహానూక్‌విల్ పట్టణములో భారతీయులు కొందరు తిరుగబడిరి. మన రాయబార కార్యాలయము తొలివిడతగా 60 మందిని విడిపించినది. 2025 మార్చిలో మయన్మారు సరిహద్దు స్థావరముల నుండి 549 మంది భారతీయులు వైమానికదళపు విమానములలో తిరిగివచ్చిరి; అందు తెలుగువారును ఉండిరి. ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయము 2023 ఆగస్టులో వేసిన అంచనా ప్రకారము ఇట్లు నిర్బంధములోనున్నవారు మయన్మారులో కనీసము 1,20,000 మంది, కంబోడియాలో సుమారు 1,00,000 మంది.

అనగా బాలాపూరు గృహస్థును లాలించిన ఆ సుకుమారి, గాజువాక నుండియో కరీంనగరు నుండియో ఉద్యోగమునకై పోయి, ముందున్న కాగితము చూచి వ్రాయుచున్న పిల్లవాడై యుండవచ్చును. తన తల్లికి వ్రాయనోచని 'భోజనం అయిందా?' అను మాటను అతడు అపరిచితునకు వ్రాయుచున్నాడు. ఇందువలన గృహస్థు నష్టము తగ్గదు. అయినను తీగకు రెండు కొసలందును మనవారే యున్నారని మనము తెలిసికొనుట మంచిది. విదేశపు ఉద్యోగమునకు పర్యాటక వీసాపై రమ్మనువానిని మన వీథిలోనే ప్రశ్నింపవచ్చును.

ఇక చేయదగినదేమి? సొమ్ము పోయినట్లు తెలిసిన క్షణముననే 1930 నంబరునకు ఫోను చేయవలెను. దేశమున ఎచ్చటినుండియైనను ఈ నంబరు పలుకును. ఎవరి ఖాతానుండి, ఎంత, ఎప్పుడు, ఏ లావాదేవీ సంఖ్యతో పోయినదో చెప్పినచో ఆ సమాచారము బ్యాంకు నుండి బ్యాంకునకు ప్రాకి, సొమ్ము ఏ ఖాతాలో ఆగియున్నదో అచ్చటనే నిలుపుదురు. మొదటి గంట బంగారు గంట యని పోలీసులనుట ఇందుకే. రెండు మూడు గంటలలో ఒక ఖాతా పది ఖాతాలగును, పది నూరగును. పిమ్మట క్రిప్టోగా మారినచో చేతికందదు. నిలిపిన సొమ్మును లోక్ అదాలతుల ద్వారా బాధితులకు తిరిగి యిప్పించుట తెలంగాణలో 2024 నుండి జరుగుచున్నది. బ్యాంకు కాగితములు, సంభాషణలు, ఆ యాప్ చిత్రములు ఏవియు చెరిపివేయరాదు. సిగ్గుచేత మొదట చెరిపివేయునవి అవియే.

ముందుజాగ్రత్త విషయమున ఒక్కటే చెప్పుదుము. పెట్టుబడి సలహా యిచ్చునది ఎవరైనను సెబీ సంస్థలో నమోదు కలదా లేదా అని ఆ సంస్థ వెబ్‌సైటులో చూడవచ్చును. 2025 అక్టోబరు నుండి నమోదయిన సంస్థలకు 'వాలిడ్' అను మాట గల ప్రత్యేక యూపీఐ చిరునామాలు ఏర్పడినవి. నిజమైన బ్రోకరు ఎవడును వ్యక్తుల పేరనున్న ఖాతాలకు సొమ్ము పంపుమనడు. ఈవేళ ఒక ఖాతా, రేపు మరొక ఖాతా ఇచ్చుచున్నచో అంతకంటె సాక్ష్యము వలదు. మరియొక పరీక్ష ఖర్చులేనిది: ఆ స్నేహమును గూర్చి ఇంటివారితో చెప్పవలదని ఆ వ్యక్తి కోరెనా? కోరినచో ఆనాడే కుమార్తెకు ఫోను చేయవలెను, ఆదివారము దాక ఆగరాదు. కుమార్తెలకును ఒక మాట: నాయనగారు చెప్పబోయినప్పుడు 'ఈ వయసులో ఇదేమిటి నాన్నా' అని నవ్వవలదు. నవ్వినచో రెండవసారి చెప్పరు.

సొమ్ము పోయినవానికి కొన్ని నెలల తరువాత మరల ఫోను మ్రోగును. ఈసారి మాటలాడువాడు న్యాయవాదిననో, సైబర్ నిపుణుడననో చెప్పును. పోయిన మొత్తము, పోయిన తేదీ, యాప్ పేరు అన్నియు సరిగా చెప్పి, తెచ్చిపెట్టుటకు ముప్పది వేల రుసుము ముందుగా కట్టుమనును. అన్ని వివరములు ఎరిగియున్నాడు గనుక పోలీసులకు సంబంధించినవాడేయని బాధితుడు తలంచును. ఆ వివరములు పోలీసుల యొద్దనే కాదు, మోసము చేసినవారి యొద్దను ఉన్నవి. ఒకసారి చెల్లించినవారి పేర్లు వారి చేతులలో అమ్ముడుపోవుచుండును.